చిల్లాలో ఉన్న చెట్టు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీగారు నాకిచ్చిన అంశం ‘చెట్లు నాటడం’. వారి అనుమతితోనే దాన్ని కొంచెం పక్కకు జరుపుతున్నాను. నాటడం గురించి మనం ఏటా వింటూనే ఉన్నాం. నాటేటప్పుడు నలుగురూ ఉంటారు, ఫోటో ఉంటుంది, చాయ్ ఉంటుంది. అదే చెట్టు ఇరవై ఏళ్ళ తర్వాత చలికో, గాలికో, తెగులుకో దెబ్బతిని నిలబడినప్పుడు దాని దగ్గర ఎవరుంటారు? చాలాసార్లు గొడ్డలి పట్టుకున్నవాడొక్కడే ఉంటాడు. ఆ దెబ్బతిన్న చెట్టు గురించి ఈ పావుగంటా మాట్లాడతాను. ఎజెండాలో ఆరో అంశం ఏమిటో మీకు తెలుసు కనుక, ఈ మాటలు దానికి కూడా సంబంధించినవేనని ముందే మనవి చేస్తున్నాను.

నాటినవాని చెట్టు పండు పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అది అతనికి సదఖాగా వ్రాయబడుతుందన్న హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్నది. ఖియామత్ వచ్చిపడుతున్నా సరే, చేతిలో మొక్క ఉండి, నాటే వ్యవధి ఉంటే నాటమన్న హదీసు కూడా మీరెరిగినదే. ఇవి మన పిల్లలకు సైతం నోటికి వచ్చు. అంతగా వినపడనిది ఒకటున్నది. అది ముస్నద్ అహ్మద్‌లోనిది. దాని పరంపర విషయంలో హదీసు పండితులు కొందరు సందేహం వెలిబుచ్చారు. అందుచేత దాన్ని తీర్పుగా కాక, ఒక ముచ్చటగానే చెప్తాను.

యమన్ దేశంలో ఫన్నజ్ అని ఒక రైతు, పారసీకుడు, పొలానికి నీళ్ళు మళ్ళిస్తున్నాడట. కొత్త గవర్నరుగారితో వచ్చిన పరివారంలో ప్రవక్త (స) సహచరులు కొందరున్నారు. వారిలో ఒకాయన చొక్కా చేతిలో అక్రోటు కాయలు వేసుకొని వచ్చి, కాలువ గట్టున కూర్చొని పగలగొట్టుకు తింటూ, ఈ కాయలు ఈ నీటి ఒడ్డున నాటిపెట్టే పూచీ తీసుకుంటావా అని అడిగాడు. నాకేమిటి లాభం అన్నాడు రైతు. రైతు అలాగే అడుగుతాడు, తప్పేమీ లేదు. అప్పుడాయన, చెట్టు నిలబెట్టి, అది కాపుకు వచ్చేదాకా ఓర్పుతో కాపలా కాసి సేవ చేసినవాడికి, దాని పండులో ఎవరికి ఏది దక్కినా అది అల్లాహ్ దగ్గర సదఖా అవుతుందని ప్రవక్త (స) నోట తాను విన్నానన్నాడు. నువ్వు స్వయంగా విన్నావా అని రైతు మళ్ళీ అడిగాడు. ఔనన్నాడు. సరే పూచీ నాదన్నాడు రైతు. ఆ ఊరి అక్రోటు చెట్లు అలా వచ్చినవేనంటారు.

ఇందులో నాకు నచ్చింది ‘ఓర్పు’ అన్న మాట. నాటడానికి ఓర్పెందుకు? గుంట తవ్వడానికి అరగంట చాలు. ఓర్పు కావలసింది ఆ తర్వాతే.

అక్రోటు అనగానే మనకు గుర్తొచ్చేది కాశ్మీరు. ఏటా చలికాలంలో శాలువాలు, స్వెట్టర్లు అమ్ముకోవడానికి మన ఊరికి వచ్చే కాశ్మీరీ సోదరులు మీకందరికీ తెలుసు. జుమాకు మన మసీదులోనే నిలబడతారు. వారిలో ఒక కుర్రవాడు నాకు బాగా చనువు. నన్ను ‘చాచా’ అంటాడు. వాళ్ళది షోపియాన్ దగ్గర ఒక పల్లె, నలభై చెట్ల ఆపిల్ తోట. 2018 నవంబరు 3న కాశ్మీరులో అకాలంగా మంచు పడింది. ఆ రోజు ఇంటి నుంచి ఫోను వచ్చింది. “చాచా, తోట పడిపోయింది” అని మాత్రం చెప్పి, మూట పక్కన కూర్చుండిపోయాడు.

మంచు దేశంలో మంచు పడితే చెట్టు ఎందుకు పడిపోతుందని నాకు అనుమానం వచ్చింది. అడిగి తెలుసుకున్నాను. ఇది కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే చలి అనేది చెట్టుకు శత్రువని మనం అనుకుంటాం. అది సగమే నిజం. ఆపిల్ చెట్టుకు చలి ఆహారం వంటిది. ఏడు డిగ్రీలకు లోపల సుమారు వెయ్యి గంటలు గడిస్తే తప్ప, మనం మార్కెట్లో చూసే ఎర్రటి డెలిషస్ రకాలకు వసంతంలో మొగ్గ సరిగా విచ్చుకోదు. మన ఊళ్ళో ఆ ఆపిల్ కాయకపోవడానికి అది ఒక ముఖ్య కారణం. అయితే ఆ చలికి ముందు చెట్టు ఆకు రాల్చుకొని, రసం తగ్గించుకొని, నిద్రకు సిద్ధపడాలి. నవంబరు మొదటి వారంలో ఆకు ఇంకా కొమ్మ మీదే ఉంటుంది. కొన్ని తోటల్లో కాయ కూడా ఉంటుంది. ఆకు లేని కొమ్మ మీద మంచు జారిపోతుంది. ఆకున్న కొమ్మ దాన్ని గొడుగులా పట్టి నిలుపుతుంది.

ఇంకొకటి, మంచులోనూ రకాలున్నాయి. మన సభ్యుల్లో దూదేకిన ఇళ్ళ పెద్దలున్నారు, వారికి ఉపమానం చెప్పనక్కరలేదు. ఏకిన దూది ఎంత తేలికో, అదే దూది తడిస్తే ఎంత బరువో మీకు చేతులకు తెలుసు. నడి చలికాలంలో పడేది పొడి మంచు. నవంబరులో, గాలి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు పడేది తడి మంచు. అదే పరిమాణానికి రెండు మూడు రెట్లు బరువు తూగుతుంది. ఆ బరువుకు చెట్టు ఎక్కడ విరుగుతుంది? పంగ దగ్గర. రెండు పెద్ద కొమ్మలు చీలే చోట, మాను నడిమికి, కట్టె చీలినట్లు చీలుతుంది. మరుసటి సంవత్సరం 2019 నవంబరు 7న కూడా అదే జరిగింది. షోపియాన్, పుల్వామా, కుల్గాం ప్రాంతాల్లో తోట మీద బతికేవాళ్ళకు వరసగా రెండేళ్ళు ఇదే దెబ్బ. పాతరకం ఆపిల్ చెట్టు నాటితే కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. అంటే చీలింది చెట్టొకటే కాదు. ఒక పిల్లవాడి చదువు, ఒక పిల్ల నికాహ్.

మన కుర్రవాడి తోటలో నలభైలో పదిహేను చెట్లు చీలాయి. బంధువులందరూ ఒకటే సలహా, కొట్టేయండి, పొట్టిరకం కొత్త మొక్కలు వేసుకోండి, అవి మూడో ఏటికే కాస్తాయి అని. సలహా చెడ్డదేమీ కాదు, చాలామంది అదే చేశారు. కాని వాళ్ళ అబ్బా, డెబ్బై దాటిన మనిషి, గొడ్డలి దాచేశాడట. “చిల్లా గడవనివ్వండి, తర్వాత చూద్దాం” అన్నాడట.

చిల్లా అన్న మాట వినగానే నేను ఆగాను. కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల కఠినమైన చలిని ‘చిల్లా-ఎ-కలాన్’ అంటారు, అంటే పెద్ద చిల్లా. దాని తర్వాత ఇరవై రోజుల చిన్న చిల్లా, ఆ తర్వాత పది రోజుల పిల్ల చిల్లా. పారసీలో ‘చిహిల్’ అంటే నలభై. మన సూఫీ పెద్దలు నలభై రోజులు ఏకాంతంలో కూర్చొని జిక్ర్ చేస్తే అదీ చిల్లాయే. జమాఅత్‌లో నలభై రోజులు వెళ్ళివస్తే అదీ చిల్లాయే. ఒకే మాట. దర్గా గదిలో చిల్లా కూర్చున్న ఫకీరును చూసి, ఈయన కదలడం లేదు, చచ్చిపోయాడేమో, మోసుకుపోదాం పదండి అని ఎవరైనా అంటారా? తలుపు దగ్గర నీళ్ళ కూజా పెట్టి, చప్పుడు చేయకుండా వస్తాం. చలికాలంలో ఆకులేని చెట్టు ముందు మాత్రం మనకా మర్యాద ఉండదు.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమని కాదు. ఆ ముసలాయన చేసిన పని విన్నాను. మొదట కొమ్మల మీద మిగిలిన మంచును గుడ్డ చుట్టిన కర్రతో కిందినుంచి మెల్లగా ఎత్తి కదిలించి రాల్చారు. పైనుంచి కొట్టకూడదు. గడ్డకట్టిన కొమ్మ గాజుతో సమానం, పుటుక్కున విరుగుతుంది. తర్వాత చీలిన పంగను రెండు వైపులా ఊతకర్రలు పెట్టి, తాడుతో బిగించి దగ్గరకు లాగారు. బర్మాతో మాను అడ్డంగా తొలిచి పొడుగాటి నట్టుబోల్టు వేసి బిగించారు. చెట్టుకు ఇనుప బోల్టా అని నేనూ ఆశ్చర్యపోయాను. మన ఆర్థోపెడిక్ డాక్టర్లు కాలి ఎముకకు వేసేది ఏమిటి మరి! పూర్తిగా తెగి వేలాడుతున్న కొమ్మలను మాత్రం నున్నగా కోసి, గాయానికి బోర్డో పేస్టు పూశారు. ఒరిగిపోయిన రెండు చిన్న చెట్లను, వేళ్ళు ఎండిపోకుండా తడి గోనె కప్పి, గుంట సరిచేసి, నిలబెట్టి కట్టేశారు.

బోర్డో పేస్టు మన కొబ్బరి రైతులకు, నిమ్మ రైతులకు తెలిసినదే. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. రెండూ వేరువేరుగా కలిపి, ప్లాస్టిక్ తొట్టిలోనో మట్టి తొట్టిలోనో ఒక్కటి చేయాలి, ఇనుప పాత్ర పనికిరాదు. చాకు ముంచి చూస్తే తుప్పురంగు పట్టిందంటే ఇంకా సున్నం కావాలన్నమాట. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారిపక్క ద్రాక్షతీగెల మీద దొంగలు అసహ్యించుకోవాలని ఈ నీలిరంగు నీళ్ళు చల్లేవారట. దొంగల మాట ఏమో గాని ఆ తీగెలకు బూజు తెగులు రాలేదని మిలార్దే అనే శాస్త్రజ్ఞుడు గమనించి 1885లో లోకానికి చెప్పాడు.

చెట్టు గాయం మన గాయం లాగా మానదు. ఇది తెలుసుకోవలసిన సంగతి. మన చర్మం తెగితే కొత్త కణాలు వచ్చి పాతవాటి స్థానం నింపుతాయి. చెట్టుకు ఆ సౌకర్యం లేదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేలకొద్దీ చెట్లను నిలువునా కోసి చూసి, 1977లో ఈ విషయం వివరంగా ప్రకటించారు. చెట్టు తన గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. కుళ్ళు ఆ గోడ దాటి రాకుండా ఆపి, పైనుంచి కొత్త కట్టె పెంచుకుంటూ పోతుంది. గాయం లోపల ఎప్పటికీ అలాగే ఉంటుంది, చెట్టు దాన్ని మోస్తూనే కాస్తుంది. కొమ్మ మాను నుంచి పుట్టే చోట ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది చూడండి, గోడ కట్టే పని చేసేది అదే. మనవాళ్ళు అందంగా ఉంటుందని కొమ్మను మానుకు సమంగా చెక్కేస్తారు, ఆ పట్టీ కూడా పోతుంది. దాన్ని వదిలి బయటే కోయాలి. పేస్టు పూసినంత మాత్రాన లోపల కుళ్ళు ఆగదని షైగోగారి మాట. తడి రోజుల్లో బూజు పట్టకుండా పైపూత మంచిదని మన ఉద్యానశాఖ వారి మాట. రెండూ కాదనుకోనక్కరలేదు. కోత సరిగా ఉండాలి, పూత దాని తర్వాతది.

చిల్లా రోజుల్లో ఇంకొక దెబ్బ ఉన్నది. పగటి ఎండ నైరుతి వైపు నుంచి మాను మీద పడుతుంది. కింద మంచు తెల్లగా అద్దంలా ఆ ఎండను మళ్ళీ మాను మీదికే కొడుతుంది. బెరడు వెచ్చబడి లోపలి కణాలు నిద్రలేస్తాయి. పొద్దు కొండ వెనక్కు పోగానే గడ్డకట్టే చలి. లేచిన కణాలు చచ్చిపోతాయి, ఆ వైపు బెరడు చీలి ఊడిపోతుంది. దీనికి మందు బకెట్టు సున్నం. మానుకు తెల్లగా పూస్తే ఎండ తిరిగిపోతుంది, చెట్టు నిద్ర చెడదు.

ఇక ఆ పదిహేను చెట్ల సంగతి. వసంతం వచ్చేదాకా చూశారు. నాలుగు మొదలంటా చీలినవి, వాటిని కొట్టేశారు. ముసలాయనే గొడ్డలి తీసి ఇచ్చాడట. పదకొండు చిగిర్చాయి. 2019 మంచులో వాటిలో రెండు మళ్ళీ పోయాయి. తొమ్మిది ఈనాటికీ ఉన్నాయి. మొన్న వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. కాయలు మరీ పెద్దవేమీ కావు.

ఆ ముసలాయన చదువుకున్నవాడు కాదు. కాని ఆ నేల మీద ఈ పనికి పెద్ద వంశమే ఉన్నది. చరారే షరీఫ్‌లో విశ్రమించిన షేక్ నూరుద్దీన్ వలీని కాశ్మీరులో ముస్లింలూ, హిందువులూ కూడా తమవాడంటారు. నంద రిషి అని ఆయనకు ఇంకో పేరు. ఆయన మార్గంలో నడిచిన ముస్లిం ఫకీర్లను ‘రిషులు’ అనే పిలిచారు. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ తన ఐన్-ఎ-అక్బరీలో వీరిని గురించి వ్రాస్తూ, ఆ దేశంలో అందరికన్నా గౌరవనీయులు వీరేనని, పరమతస్థులను నిందించరని, ఎవరినీ యాచించరని, పండ్లచెట్లు నాటుతూ ప్రజలకు ఉపకారం చేస్తారని, అలాంటివారు రెండువేలమంది దాకా ఉంటారని చెప్పాడు. తస్బీహ్ తిప్పే చేతికీ, పార పట్టే చేతికీ వారు తేడా చూడలేదు.

ఒక్క హదీసు చెప్పి మన ఊరికి వస్తాను. ఇది బుఖారీలోనిదే. మదీనా మసీదులో ప్రవక్త (స) మొదట్లో ఒక ఖర్జూరపు మానుకు ఆనుకొని ఖుత్బా చెప్పేవారు. తర్వాత మింబరు తయారైంది. వారు మింబరు ఎక్కగానే ఆ మాను బిడ్డ ఏడ్చినట్టు ఏడ్చిందని, వారు దిగివచ్చి దాన్ని అక్కున చేర్చుకుంటే ఊరుకున్నదని సహచరులు చెప్పారు. ఎన్నోసార్లు విన్నాం. అయితే గమనించారా, అది కాపు కాసే చెట్టు కాదు. నీడ ఇచ్చేది కాదు. కొట్టివేసిన మొద్దు. దానివల్ల ఇక ఏ ప్రయోజనమూ లేదు, కొత్త మింబరు వచ్చేసింది కదా! అయినా ఖుత్బా మధ్యలో మింబరు దిగి దాని దగ్గరకు వచ్చారు.

మన ఖబరస్తాన్‌లో పదకొండు వేపచెట్లుండేవి. 2021 చివరి నెలల్లో తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ వేపచెట్లు కొమ్మ చివరల నుంచి మాడిపోతూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాశ్మీరులో లాగా అది చలి చేసిన పని కాదు, ఫోమాప్సిస్ అనే బూజు జాతి తెగులు. కాని చలికాలం నడిమికి వచ్చేసరికి మన చెట్లు కూడా అచ్చం కాల్చినట్టు నిలబడ్డాయి. వేపకే చావొచ్చిందంటే ఇంకేం మిగులుతుందని ఆడవాళ్ళు భయపడ్డారు. అడితీ నుంచి ఒకాయన వచ్చి పదకొండింటికీ కలిపి ధర చెప్పాడు. ప్రహరీ గోడకు డబ్బు లేని సమయం. కమిటీలో గట్టి వాదనే జరిగింది. గోడ కావాలన్నవారి మాటలో అన్యాయం లేదు, పశువులు లోపలికి వచ్చి ఖబర్లు తొక్కుతున్నాయి.

అప్పుడు ఖబర్లు తవ్వే పెద్దాయన, కమిటీలో సభ్యుడు కూడా కాడు, గుమ్మం దగ్గర నిలబడి “ఒక్కసారి వచ్చి చూడండి సాబ్” అన్నాడు. వెళ్ళాం. ఆయన బొటనవేలి గోటితో ఒక కొమ్మ మీద బెరడు గీకాడు. కింద పచ్చగా, తడిగా ఉన్నది. ఇంకో కొమ్మ గీకాడు, గోధుమ రంగు, పొడిపొడి. ఇది పోయింది, అది ఉంది అన్నాడు. ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏ శాస్త్రజ్ఞుడూ అక్కడ చేయలేడు. ఎండిన కొమ్మలు కోయించి దూరంగా కాల్పించాం, మందు కొట్టించాం, వేలం రంజాన్ దాకా వాయిదా వేశాం.

2022లో ఉగాది నాటి సాయంత్రమే రంజాన్ నెలవంక కనిపించింది. ఆ ఉదయం ఎప్పటిలాగే వేపపువ్వు కోసం పక్క వీధి అమ్మలు ఖబరస్తాన్ గేటు దగ్గరకు వచ్చారు. మన చెట్లకు ఆ ఏడు పువ్వు లేదు. కాని తొమ్మిది చెట్లకు చిగురున్నది, రాగిరంగులో. రెండింటికి రాలేదు, వాటిని కొట్టించి అమ్మాం. గోడ ఇంకా సగంలోనే ఉన్నది, ఆ సంగతి దాచను.

ఇప్పుడు ఆరో అంశం. ఈ చలికాలంలో ఆ తొమ్మిదింటిలో నాలుగింటికి మళ్ళీ కొమ్మలు మాడాయి. వాటి వేలం ప్రతిపాదన మీ ముందున్నది. వక్ఫు నేల మీది చెట్టు అమ్మవచ్చునా అన్నది ముఫ్తీగారిని అడగవలసిన మాట, నేను అందులోకి పోను. నేను అడిగేవి రెండే. వేలాన్ని ఈ ఏడు కూడా ఉగాది దాటేదాకా ఆపండి. చిగురు రానిదాన్ని నేనే దగ్గరుండి కొట్టిస్తాను. రెండవది, మన బడ్జెట్టులో ‘మొక్కల కొనుగోలు’ అని ఒక పద్దు ఉన్నది. దాని కింద ‘చెట్ల సంరక్షణ’ అని ఇంకో పద్దు చేర్చి, పెద్ద మొత్తమేమీ కాదు, ఒక మనిషికి నెలకు నాలుగు రోజుల కూలీ, రెండు కిలోల మైలుతుత్తం, ఒక బస్తా సున్నం పెట్టండి. గోడకు తక్కువైన దానికి జకాత్ కాని చందా విడిగా వసూలు చేద్దాం. మొదటి రసీదు నా పేర వ్రాయమని కోశాధికారిగారికి ఇంతకుముందే చెప్పాను.

వచ్చే జుమా నమాజ్ తర్వాత ఖబరస్తాన్ దగ్గర కోత పని మొదలుపెడుతున్నాం. నిచ్చెన ఉన్నది, రంపాలు రెండున్నాయి. ఇంకొక రంపం, ఒక ప్లాస్టిక్ తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే తీసుకురండి. పిల్లలు రావచ్చు, గోటితో గీకి చూడటం పెద్దాయన నేర్పుతానన్నాడు. మైలుతుత్తం మాత్రం వారిని ముట్టుకోనివ్వకండి.

వస్సలాం.